బడి కప్పు మీద నీళ్ల మడి

నేను కాపురానికి వచ్చిన ఇల్లు సున్నం పని ఇల్లు. ఊరు ఆత్మకూరుకు దగ్గర్ల, పొద్దుగాల బయలెల్లితె ఎండ ముదరకముందే సంతకు చేరేటంత దూరం. ఇంటి ముందట గుండ్రంగ తవ్వి రాళ్లు పరిచిన కాలువ, దాంట్ల పెద్ద రాతి చక్రం, చక్రానికి కట్టిన దున్నపోతు. అది మా గానుగ. కాల్చిన సున్నం, ఇసుక ఆ కాలువల పోసి, నీళ్లు చల్లుకుంట దున్నను తిప్పితె చక్రం కింద నలిగి నలిగి వెన్న లెక్క అయ్యేది. దాన్నే డంగు సున్నం అంటం. ఆ దిక్కుల పాత గోడలు, గడీలు, బురుజులు అన్ని దాంతోనే నిలవడ్డయి.

మా అవ్వగారిది ఎవుసం ఇల్లు. జొన్న కోసుడు, కందికట్టె ఏరుడు తప్ప నాకు సున్నం సంగతి ఎర్కలే. వచ్చిన కొత్తల చేతులు పొక్కి, ఏళ్ల సందుల పుండ్లు పడ్డయి. మా మామ ఒకనాడు ఆముదం గిన్నె తెచ్చి నా ముందట పెట్టిండు. "పనికి పోకముందు రాసుకో పిల్లా, వచ్చినంక కాదు. సున్నానికి తడి చెయ్యి అంటె ఆకలి," అన్నడు. నేను నేర్సుకున్న మొదటి పాఠం అది. మాట తక్కువ, పని ఎక్కువ అని కొందరిని అంటరు గద, మా మామ గట్లాంటి మనిషి కాదు. ఆయనకు మాటా ఎక్కువనే, పనీ ఎక్కువనే. తాపీ మీద సున్నం ముద్ద ఏసి తలకిందులు చేసేటోడు. అది జారి పడకుంట అతుక్కొని ఉంటె "అయింది" అనేటోడు. పడితె దున్నను మల్ల తిప్పాల్సిందే.

మూడు నాలుగేండ్లకు నేను ఆ పని మీద నిలదొక్కుకున్న. తట్టలు మోసే ఆడోళ్లందరికి ముందు నేనే నడిచేది. ఎవరు ఎంత మోయగలరో, ఎవరి పక్కన ఎవరిని పెడితె పని సాగుతదో నాకు తెలిసేది. మా ఆయన గోడ మీద రాయి పెట్టేటోడు. ఆయనకు రాయి, సున్నం అందించే దండు నాది.

అరవైలు రాకముందు ఒక వానకాలం మా ఊరి బడి కూలింది. బడి అంటె మట్టి మిద్దె. దూలాలకు చెద పట్టింది, పైన చౌడు మట్టి వాననీళ్లు తాగి బరువెక్కింది. ఆదివారం కాబట్టి లోపల పిల్లలు లేరు. సప్పుడు విని ఉరికి వచ్చిన తల్లులు మట్టికుప్పను చూసి, తమ పిల్లలు తమ కొంగు పట్టుకొనే ఉన్నా సుత, వాళ్ల పేర్లు పెట్టి పిలుసుకుంట ఏడ్సిండ్రు.

చావడి కాడ పెద్దమనుషులు కూసున్నరు. మల్ల మట్టి మిద్దె వద్దన్నరు. సర్కారు సిమెంటు, ఇనుము ఇస్తదట, ఊరోళ్లు రాయి, ఇసుక, కష్టం ఇయ్యాలెనట. గోడలు మా మామ సున్నంతోని కట్టాలె, పైన మాత్రం స్లాబు ఎయ్యాలె. స్లాబు అన్న మాట మా ఊరు వినుడు అదే మొదలు.

ఆ పని చూసేటందుకు ఒక ఓవర్సీరు సారు సైకిల్ మీద వచ్చేటోడు. పాలమూరు దిక్కెల్లి వచ్చి ఆత్మకూరుల కిరాయికి ఉండె. సన్నటి మనిషి, గొంతు నిమ్మళం. సిమెంటు సంచులు దిగిననాడు మా మామ ఒక సంచి మూతి విప్పి, గుప్పెడు తీసి ఏళ్ల నడుమకెల్లి రాల్చిండు.

"ఇది పొయ్యిల బూడిద. దీన్ని నమ్ముకొని పిల్లల నెత్తి మీద కప్పు ఏస్తరా?"

సారు నవ్వలే, కోపానికి రాలే. "మీ సున్నం సుత పొడిగ ఉన్నప్పుడు బూడిద తీరుగనే ఉంటది గద పెద్దాయనా. నీళ్లు తగిలినంకనే దాని బలం బయటపడుతది. ఇదీ అంతే," అన్నడు.

మామ సంచి మూతి మల్ల గట్టిగ కట్టి, సంచులన్ని నేల తగలకుంట కట్టెల మీద పేర్పించిండు. నచ్చని వస్తువైనా సరే, తడిసి చెడిపోవుడు ఆయన చూడలేకపోయేటోడు.

గోడలు లేసేదాంక సారు వచ్చినప్పుడల్లా నేను ఆయన ఎనుకనే తిరిగి అడిగిన. అడుగుతుంటె ఆయనకు సుత సంబురంగనే ఉండె. వాగు ఇసుక తెస్తె పిడికిట్ల పట్టి నలిపి చూపిచ్చిండు. అరచేతికి మట్టి అంటితె ఆ ఇసుకను కడగాలె. మట్టి నడుమల ఉంటె సిమెంటు ఇసుకను పట్టుకోదు. కంకర ఒక్క తీరుగ ఉండొద్దు, పెద్ద ముక్కల సందుల చిన్న ముక్కలు ఇరుక్కోవాలె, చిన్న ముక్కల సందుల ఇసుక, ఇసుక సందుల సిమెంటు. ఎక్కడా గాలి ఉండే జాగా మిగలొద్దు. నాకు ఆ మాట తొందరగనే అర్థమయింది. రాతిగోడ కట్టేటప్పుడు పెద్ద రాళ్ల సందుల మా ఆయన బెత్తెడు రాళ్లు కొట్టుడు నేను రోజూ చూసేదాన్నే.

"నీళ్లు ఎన్ని పొయ్యాలె సారూ?" అని అడిగిన.

"అందరు తప్పు చేసేది అక్కడనే అమ్మా. నీళ్లు ఎక్కువ పోస్తె కలుపుడు అల్కగ ఉంటది, అందరికి అదే ఇష్టం. గాని ఆ ఎక్కువ నీళ్లు ఎండిపోయినంక అవి ఉన్న జాగ బోలుగ మిగులుతది. పిడికిట్ల పడితె ముద్ద కావాలె, ఏళ్ల సందులకెల్లి కారొద్దు."

ఇనుప సీకులు ఎందుకని మా ఆయన అడిగిండు. సారు ఒక పచ్చి కట్టె తీసుకొని రెండు చేతుల వంచిండు. కట్టె కింది దిక్కు ఫట్టుమని పగిలింది. "కాంక్రీటు ఎంత బరువైనా మోస్తది, వంగుడు మాత్రం దానికి చేతగాదు. వంగితె కింద పగులుతది. అందుకే ఇనుము కింద పెడతం, చీలకుంట పట్టుకుంటది," అన్నడు. మామ దూరంగ కూసొని బీడీ తాగుతున్నట్టే ఉండె, గాని ఆ కట్టెను చూసిండు.

ఇంకొకటి సుత చేసిండు సారు. ఇటుక అచ్చుల కాంక్రీటు పోసి రెండు ముద్దలు చేసిండు. ఒకటి గోలెంల నీళ్లల్ల ముంచిండు, ఒకటి ఎండల పెట్టిండు. గోడల పని అయ్యేసరికి రెండిటిని సుత్తెతోని కొట్టమన్నడు. ఎండల పెట్టింది అంచులు రాలి పెచ్చులు పెచ్చులుగ విరిగింది. నీళ్లల్లది ఖంగుమన్నది, సుత్తె ఎగిరి నా చెయ్యి జివ్వుమన్నది, పది దెబ్బలు ఏస్తె గాని ఒక ముక్క ఊడలే.

స్లాబు పోసిననాడు ఊరు ఊరంత అక్కడనే. కింద మోసేటందుకు గుంజలు ఊరోళ్లే ఇచ్చిండ్రు. ఒకరి పశువుల కొట్టం గుంజ, ఒకరి పందిరి గుంజ, ఒకరి ఇంటి వాసం. వాటి మీద చెక్కలు, చెక్కల మీద సీకుల జాలి. నేను ఆడోళ్లను కప్పు దాంక నిచ్చెన మీద వరుసగ నిలబెట్టిన. తట్ట ఒక చెయ్యికెల్లి ఇంకో చెయ్యికి పోతాంది, ఖాళీ తట్ట ఇంకో దిక్కెల్లి దిగుతాంది. మా ఆయన, ఇంకొందరు పైన ఇనుప కడ్డీలతోని పొడుసుకుంట పోతున్నరు. ఎవరో పాట ఎత్తుకున్నరు. కలిపేకాడ నేను పిడికిలి పట్టి చూసినంకనే ఎత్తమన్న.

పగటీలి కంకర బండి వాగుల దిగవడ్డది, ఇరుసు విరిగింది. ఇంకో బండి పోయి, కంకర మార్సుకొని వచ్చేదాంక పని ఆగింది. ఎండ దంచుతాంది. పోసిన కాంక్రీటు అంచు మా కండ్ల ముందటనే బిగుసుకపోతాంది. సారు మొఖం చిన్నగయింది గాని చేతులు ఆగలే. ఆ అంచును చీపురు పుల్లలతోని గరుకుగ గీరించిండు, తడి గోనెసంచులు కప్పించిండు. బండి వచ్చినంక సిమెంటు నీళ్లు చిక్కగ కలిపి అంచు మీద పోసి, దాన్ని ఆనించి పని మల్ల మొదలువెట్టిచ్చిండు.

"ఈ అతుకు మీద కన్నేసి ఉంచాలె," అని నాకు, మామకు ఇద్దరికి చెప్పిండు. పొద్దు గూకకముందే కప్పు నిండింది.

తెల్లారి సారు అంచుల పొంటి మట్టితోని గట్లు కట్టించి, నడుమల సుత గట్లు ఏసి, మడులు మడులుగ చేయించిండు. వాటినిండ నీళ్లు నిలపాలె. పది పదిహేను దినాలు ఎండిపోవద్దు. కింద నిలబడి చూసేటోళ్లకు నవ్వులాట అయింది. "బడి మీద వరి ఏస్తరా ఏంది?" అని ఒకరు, "నారు నేనిస్త," అని ఒకరు.

రెండో దినానికే నవ్వుడు ఆగింది. ఎండకాలం నడుమ. ఊరి మంచినీళ్ల బాయిల నీళ్లు అడుగుకు పోయినయి. మా దండు బిందెలు బిందెలు తోడి కప్పు మీద పోస్తుంటె, బాయి గట్టు మీద చేంతాడు పట్టుకొని నిలవడ్డ ఒక ముసలవ్వ నా బిందె మీద చెయ్యి ఏసింది. ఆమె మనుమడు ఆ బడి పిల్లగాడే.

"మనుషులకు లేని నీళ్లు రాయికి పోస్తవా బిడ్డా? నా ఇంట్ల కుండ ఎండి ఉన్నది."

ఆమె అన్నది అబద్దం కాదు. నాకు కోపం రాలే. బిందె ఆమె కడవల వంచిన. మా దండుల కడుమోళ్లను సుత ఆపిన. ఆ బాయి నీళ్లు ఇగ ముట్టొద్దని చెప్పిన. గాని కప్పు ఎండనియ్యొద్దు. ఏం చెయ్యాలె?

ఊరి పక్కనే ఎడ్లతోని నీళ్లు తోడే ఒక మోటబాయి ఉండె. మొగడు పోయిన ఒక ఆమె దాని మీద మిరప, వంకాయ, గడ్డి పెంచుకుంట బతుకుతుండె. మోట తనే కొట్టేది. ఎడ్ల ఎనుక నడుసుకుంట, తాడు మీద కూసొని దిగుకుంట, మొగోళ్లకు తీసిపోకుంట పని చేసేది. ఊరంత ఆమెకు జర భయపడేది. నీళ్ల కాడ ఆమె నోరు గట్టిది. ఆ పొద్దు మాపటీలి నేను సారు విరగ్గొట్టించిన ముద్దల ముక్కలు రెండు కొంగుల కట్టుకొని ఆమె కాడికి పోయిన.

"అక్కా, నీ బాయి నీళ్లు కావాలె," అన్న.

"నా వంకాయలకే సాలుతలేవు చెల్లె. ఆ గచ్చుకు నేనెందుకు పొయ్యాలె?"

నేను ముక్కలు తీసి మోట రాయి మీద పెట్టిన. "ఇది నీళ్లు తాగింది. ఇది తాగలే. ఏదన్న రాయితోని కొట్టి చూడు."

ఆమె కొట్టింది. ఎండది పొడి అయింది. నీళ్లది కొడితె రాయి జారింది. మల్ల కొట్టింది. ఆ ముక్కను చేతుల తిప్పి తిప్పి చూసింది.

"నా బాయి నీళ్లు దీనికి పనికొస్తయా? ఉప్పునీళ్లు గోడలకు మంచివి కావంటరు," అని ఆమెనే అడిగింది. నేను దోసిట పట్టి తాగిన. తియ్యగున్నయి. తాగేటందుకు పనికొచ్చే నీళ్లే కాంక్రీటుకు పనికొస్తయని సారు చెప్పిన మాట ఆమెకు చెప్పిన.

అప్పుడు ఆమె నన్ను బాయి అంచుకు తీసుకపోయింది. మోట దిగే దిక్కు రాతి కట్టుడు ఊడి, మట్టి లోపలికి జారుతాంది. ఇంకో వానకాలం ఆగదు. ఎడ్లు నిలవడే జాగ సుత గుల్ల అయింది. "నాకు ఇది కట్టియ్యి. నీళ్లు అడుగుకు ఉన్నప్పుడే కట్టాలె, వానలు పడితె కాదు. మీ మామ కడతనంటె రేపు పొద్దుగాలకెల్లి దినాం ఒక పూట మోట మీ కప్పుకే," అన్నది.

నేను మామను అడగకుంటనే ఒప్పుకున్న. ఆయన ఒప్పుకుంటడన్న నమ్మకం నాకుండె. ఇంటికి పోయి చెప్పితె ముందు గుర్రుమన్నడు.

"నన్ను అడగకుంట నా చేతులు అమ్ముకొని వచ్చినవా?"

"నీ చేతులే గద మామా, ఇంకెవరివన్న అయితె అడిగేదాన్ని."

ఆయన నా దిక్కు చూసి, తల ఆడించుకుంట గానుగ కాడికి పోయిండు. తెల్లారేసరికి దున్న తిరుగుతాంది.

ఆ పదిహేను దినాలు మా ఊర్ల రెండు పనులు పక్కపక్కన నడిచినయి. పొద్దుగాల ఆమె మోట కొడుతది, నీళ్లు పీపల పట్టి బండి మీద తెస్తం, కప్పు మీది మడులు నింపుతం. మిగిలిన పొద్దు మామ, మా ఆయన బాయిలకు దిగి రాయి రాయికి డంగు సున్నం పెట్టి కడుతుంటె మా దండు తట్టలు అందిస్తది. మామ బాయిలకెల్లి పైకి చూసి, "నీళ్లు తాగనిది ఏదీ గట్టిపడదు పిల్లా. సున్నం సుత తడిలనే పెరుగుతది. మీ సారు ఆ ఒక్క మాట నిజమే చెప్పిండు," అన్నడు. ఆయన నోటెంట సారుకు వచ్చిన మొదటి మెప్పు అది. కప్పు మీది మడులల్ల కాకులు, గోరింకలు మునిగి లేసేటియి. ముసలవ్వ సుత ఒకనాడు నిచ్చెన కింద నిలవడి, "పైన నీళ్లు ఉన్నయా బిడ్డా?" అని అడిగిపోయింది.

చెక్కలు తీసేదినం వచ్చింది. గుంజలు ఒక్కొక్కటి నడుమకెల్లి మొదలువెట్టి అంచుల దిక్కు మెల్లగ తీసినం. కప్పు కదలలే. ఏ సప్పుడు రాలే. సారు కింద నిలవడి అరచేతితోని తడిమిండు. నున్నగ, చల్లగ ఉండె. ఊరోళ్లకు కప్పు నిలిచిన సంతోషం ఒక దిక్కు, గుంజల పంచాయితి ఒక దిక్కు. "ఇది నా కొట్టం గుంజ," "కాదు, నాదానికి ఈడ గంటు ఉన్నది" అని బడి ముందట లొల్లి. ఒకాయన మాపటిదాంక తన గుంజ దొరకక, మంచిగున్న ఇంకో గుంజ పట్టుకొని పోయిండు. ఆయన నష్టపోలేదని అందరికి తెలుసు.

మిరుగు కార్తె వానలు మొదలైనంక ఊరు ఊరంత బడిలకే వచ్చింది, కప్పు కారుతదా లేదా చూసేటందుకు. అందరు మెడలు ఎత్తి పైకి చూసుకుంట నిలవడ్డరు. బయట దబదబ వాన, లోపల పొడి. నాకు నవ్వొచ్చింది. చాలాసేపటికి అతుకు పడ్డకాడ ఒక చెమ్మ గీత కనవడ్డది. బొట్టు పడలే, చెమ్మ మాత్రమే. ఎవరో "ఇగో చూడు, కారుతాంది" అన్నరు. పిల్లల తల్లులు పిల్లలను దగ్గరికి గుంజుకున్నరు.

సారుకు కబురు పంపితె వాన తెరిపి ఇచ్చిననాడే వచ్చిండు. పైకి ఎక్కి చూసిండు, దిగి వచ్చి మా ఇంటికే సక్కగ వచ్చిండు. గానుగ గట్టు మీద మామ పక్కన కూసున్నడు.

"పెద్దాయనా, కప్పుకు బలం ఉన్నది, దానికి ఫికర్ లేదు. నీళ్లు దిగకుంట పైన ఒక పరుపు కావాలె. ఇటుక ముక్కలు, డంగు సున్నం ఏసి దంచుతరు గద, గడీల మీద ఏసిన తీరు. అది మీకంటె బాగ ఎయ్యగలిగేటోళ్లు ఈ చుట్టుపట్ల లేరని విన్న. చేస్తరా?"

మా మామ మొఖంల వెలుగు నేను గట్ల ఎప్పుడూ చూడలే. "కింద మీ సిమెంటు, పైన నా సున్నమా? రెండిటికి పొసగుతదా సారూ?"

"మంచిగ పొసగుతది. మోసేది అది, కాచేది ఇది."

ఇటుక ముక్కలు, సున్నం, బెల్లం నీళ్లు, కరక్కాయ నీళ్లు. వానలు ఆగిన ఒక వారం మా ఆడోళ్లందరం కప్పు మీద వరుసగ కూసొని చెక్క దిమ్మెలతోని దంచినం. దంచుడంటె ఆగకుంట దంచుడే, సున్నం మీద దిమ్మె ఎగిరి వచ్చేదాంక. మామ అందరి నడుమ నడుసుకుంట, సప్పుడు విని, "ఈడ ఇంకా పచ్చిగున్నది, ఈడ దంచుండ్రి" అంటుండె. మోటబాయి అక్క సుత వచ్చి మా పక్కన కూసొని దిమ్మె పట్టింది. ఆమె పాట ఎత్తుకుంటె బడి కింద నిలవడ్డ పిల్లలు విన్నరు. ఆ వానకాలం ముదిరినంక ఎంత పడ్డా చెమ్మ మల్ల రాలే. పంతులు గోడకు నల్లబల్ల బిగించి పాఠం మొదలువెట్టిండు.

ఆ పని చూసి పక్క ఊర్లకెల్లి మనుషులు రావట్టిండ్రు. ఒకరికి పంచాయితి కచ్చేరి, ఒకరికి దవాఖాన గది. నారాయణపేట తొవ్వల ఒక ఊరోళ్లు వచ్చి, స్లాబు పోసి ఇయ్యుండ్రి అని మా మామను అడిగిండ్రు. మామ తల అడ్డం ఊపిండు.

"గోడలకు నేను వస్త. కప్పుకు మాత్రం నా కోడలిని అడుగుండ్రి. ఆమె ఒప్పుకుంటె ఒప్పుకున్నట్టు."

వాళ్లు నా దిక్కు, మా ఆయన దిక్కు మార్చి మార్చి చూసిండ్రు. నేను దున్నకు గడ్డి ఏస్తున్న. చేతులు దులుపుకొని, వాగు ఎంత దూరం, ఇసుక ఎట్లున్నది, రాయి ఎక్కడ దొరుకుతదని అడిగిన. వాళ్లు చెప్పిండ్రు. నేను ఒప్పుకున్న.

మేము పోయిననాడు ఇంకా చలిగనే ఉండె. తట్టలు, దిమ్మెలు, వంట గిన్నెలు నెత్తి మీద పెట్టుకొని ఆడోళ్లందరం ముందు నడిచినం, మా ఆయన, మొగోళ్లు సుత్తెలు, తాపీలు పట్టుకొని ఎనుక వచ్చిండ్రు. ఊరి పొలిమేరల ఆ ఊరి పటేలు మనుషులతోని ఎదురొచ్చిండు. మా ఆయనను చూసి, "మేస్త్రీ, సిమెంటు సంచులు ఎక్కడ దించమంటవు?" అని అడిగిండు.

మా ఆయన మొహమాటం లేకుంట చెయ్యి చాపి నన్ను చూపిచ్చిండు. "మేస్త్రి ఆమె. ఆమెను అడుగు పటేలా."

నేను నెత్తి మీది తట్ట దించి, ముందుగాల ఆ జాగ చూపియ్యమన్న.